జంతుకల్పనమున స్థానబలిమి

ఒకరు కల్పించిన కథాలోకమున మరియొకరు ప్రవేశించి, అందలి పాత్రలను, స్థలములను ఆధారముగా జేసికొని క్రొత్త కథ నల్లుటను నేడు ‘ఫ్యాన్ ఫిక్షన్’ అని వ్యవహరించుచున్నారు. ఈ వ్యాసమున దానిని మేము ‘అనుసృజనము’ అని పేర్కొందుము. పేరు క్రొత్తదే గాని పని మనకు క్రొత్తది కాదు. పదునొకండవ శతాబ్దిలో నన్నయ వ్యాసభారతమును తెనిగింప బూనినది మొదలు మన కవులలో పెక్కుమంది పూర్వుల కథలో ప్రవేశించి తమ కల్పనను సాగించినవారే. మార్కండేయపురాణమున సంక్షిప్తముగా నున్న ప్రవరుని వృత్తాంతము పెద్దన చేతిలో ప్రబంధమైనది. శశిరేఖాపరిణయము వ్యాసభారతమున లేదు; అయినను తెలుగువారికి అంత ప్రియమైన భారతకథలు అరుదు.

ఇట్టి రచనకు బూనినవాని కెదురగు చిక్కులలో నొకటి చూచుటకు మిక్కిలి చిన్నది. పాత్రలు మూలమునుండి వచ్చును. స్థలనామములును మూలమునుండియే వచ్చును. కాని ఆ స్థలమున తిరుగాడు మృగములు, పక్షులు, పురుగులు ఎచ్చటనుండి రావలెను? మా విద్యార్థుల రచనలను చదువునపుడు ఈ ప్రశ్న మాకు పలుమారు కలిగినది. ఒకరి కథలో పాండవులున్న ద్వైతవనమున మంచుతోడేళ్ళు కూయుచుండును. హస్తినాపురపు బురుజుమీద తెల్లని గుడ్లగూబ లేఖను మోసికొని వాలును. మరియొకరి కథలో ప్రతి కొలనునందును హంసలు, ప్రతి గుహయందును సింహము. మొదటివారు తమ జంతువులను పరదేశపు నవలలనుండి తెచ్చుకొనిరి. రెండవవారు పాత ప్రబంధములనుండి తెచ్చుకొనిరి. ఇరువురును తమ పెరటివంక చూడలేదు.

దీనిపై రెండు వాదములు వినవచ్చుచున్నవి. కల్పితకథలో ఏ జంతువున్న నేమి, అది రసమునకు భంగము కాదని యొక వాదము. మూలగ్రంథమున పేర్కొనబడిన జంతువులను దప్ప ఇతరములను చేర్చరాదని మరియొక వాదము. ఈ రెండును నిలువవని మా అభిప్రాయము. తగిన జంతువనగా ఆ దేశమున దొరకునది మాత్రమే కాదు. మూలమున నున్నది మాత్రమే కాదు. ఏ జంతువునకు ఆ కథాస్థలమున ఒక ఉనికిపట్టు కలదో, ఆ ఉనికిపట్టునుండియే కథలో దానికొక పని పుట్టుచున్నదో, అదియే తగిన జంతువు. నీటిలోని మొసలిని ఉదాహరించి వేమన చెప్పిన స్థానబలిమి జంతువునకే గాక జంతుకల్పనకును వర్తించును.

ముందుగా శాస్త్రకారుల మాట చూతము. క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దిలో కాశ్మీరమున ఔచిత్యమును కావ్యమునకు ప్రాణముగా నిరూపించుచు, దేశౌచిత్యమును కాలౌచిత్యమును వేరువేరుగా లెక్కించెను. అంతకు పూర్వుడైన రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవిసమయములను వర్గీకరించెను. ఆ వర్గీకరణమును సావధానముగా చదివినచో ఒక విశేషము కనబడును. హంసలు అన్ని జలాశయములందును ఉండునని వర్ణింపవచ్చుననియు, మకరములను సముద్రమునందే వర్ణింపవలెననియు, చందనము మలయమునందే, భూర్జము హిమవంతమునందే యనియు అతడు చెప్పెను. అనగా కవిసమయము సైతము స్థలవిచారమే. ఎచ్చట ఏది యుండునో ఎఱిగినవాడే ఎచ్చట దానిని మీరవచ్చునో చెప్పగలడు.

వానకాలమున హంసలు మానససరస్సునకు పోవునను కవిసమయమును కేవల కల్పనగా భావించువారు కలరు. తలమీద నల్లని పట్టెలు గల పెద్దబాతు శీతకాలమున మనదేశపు చెరువులలో గడపి, వానలకు పూర్వమే హిమాలయములను దాటి టిబెట్టు పీఠభూమి సరస్సులకు గ్రుడ్లు పెట్టుటకై పోవునని పక్షిశాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. జక్కవయు మనకు శీతకాలపు అతిథియే. కావున నిండు వానలలో మన చెరువున హంసను నిలిపినవాడు ప్రకృతిని మాత్రమే గాక కవిసమయమును గూడ తప్పినవాడగును. ఇట్టి సమయములకు మూలము ఒకనాటి కన్నులు చూచిన సత్యము. చూచుట మాని, సమయమును మాత్రమే నిలుపుకొన్నప్పుడు అది పొల్లగును.

ఇక లక్ష్యములకు వత్తము. భాగవతాష్టమస్కంధమున గజేంద్రుని కథ జరుగు త్రికూటపర్వతము పాలకడలి నడుమ నున్నది. ఎవ్వరును చూచిన చోటు కాదు. సంస్కృతమూలమున గజరాజు వాసన సోకినంతనే సింహములు, పులులు, ఖడ్గమృగములు, మహాసర్పములు, శరభములు, చమరీమృగములు భయపడి పారునని యున్నది. ఎచ్చటికి పారునో మూలము చెప్పదు.

పోతన ఈ అడవిని రెండు విధముల చిత్రించెను. మొదట ఒక కందపద్యమున జంతువుల పేర్లను వరుసగా కూర్చెను. ఎనుము, ఎలుగు, పాము, ఖడ్గమృగము, కోతి, చమరి, సింహము, శరభము, కాకి, గుడ్లగూబ – అన్నియు నొకే బంతిలో నున్నవి. పద్యము చెవికి ఇంపైనది. కాని అందలి జంతువులు పేర్లకు మించి లేవు. పిదప ఏనుగుల గుంపు కదలి వచ్చునపుడు చెప్పిన సీసపద్యము వేరు. అచ్చట పులులు పొదరిండ్లలో దూరును. ఎలుగులు గుహలలో జొచ్చును. పందులు నేలబొరియలలో దాగును. లేళ్ళు దిక్కుల కొనలకు పరుగిడును. దున్నలు మడువులలో బడును. కోతులు గండశైలముల నెక్కును. పాములు పుట్టలలో జొచ్చును. నెమళ్ళు నింగి కెగయును. చమరీమృగములు వెఱచి తమ తోకలను వీచుచు, విహరించు ఏనుగుల అలసటను తీర్చు వింజామరలుగా నిలుచును.

ఈ రెండు పద్యములకు గల భేదమే మా వాదమునకు ప్రాణము. మొదటిది పట్టిక, రెండవది అడవి. మూలమున లేని దానిని పోతన చేర్చెను గదా, ఆ చేర్చినది క్రొత్త జంతువును కాదు. ప్రతి జంతువునకును ఒక ఇంటిని. పట్టికలో నున్న శరభము, ఖడ్గమృగము ఈ సీసమున కానరావు. శరభము దాగుచోటు ఏదియో తెలుగుకవి కన్ను ఎఱుగదు. అందుచేతనే దానికి ఈ పద్యమున తావు దొరకలేదని మా ఊహ. ఈ గుండ్లు, ఈ గుహలు, ఈ పుట్టలు, ఈ మడువులు ఎచ్చటివి? పాలకడలివి కావు. పోతన నివాసము ఓరుగల్లు దిక్కున నున్న బమ్మెరయా, కడప దిక్కున నున్న ఒంటిమిట్టయా యను పాతవివాదము ఇచ్చట మనకు అడ్డు రాదు. రెండును రాళ్ళసీమలే, రెంటను ఎలుగుబంటి ఇల్లు గండశిలల నడిమి గుహయే. పర్వతము పేరు మూలమునుండి వచ్చినది. దానిపై జంతువుల నడవడి కవి తిరిగిన నేలనుండి వచ్చినది. అనుసృజనమునకు ఇంతకంటె మేలైన పాఠము లేదు.

కథకు కీలకమైన మకరి విషయమును ఇట్టిదే. మకరములు సముద్రమునందే యని రాజశేఖరుడు నియమించినను, పోతన మకరి మడుగులోనిదే. కథ అంతయు ఆ మడుగుమీదనే ఆధారపడియున్నది. గట్టున ఏనుగు బలము ఎక్కువ. నీట మొసలి బలము ఎక్కువ. ఉనికిపట్టు మార్చినచో కథయే లేదు.

జంతువు స్థలమును ఎట్లు బయటపెట్టునో ఆముక్తమాల్యదలో చూడనగును. గోదాదేవి కథను గ్రహించిన కృష్ణదేవరాయలు శ్రీవిల్లిపుత్తూరును వర్ణించుచు హంసలను విడిచి బాతులను గైకొన్నాడు. వరిమళ్ళ కాలువలలో బాతులు తలలను రెక్కలలో దూర్చి నిదురించుచుండగా, తెల్లవారుజామున స్నానము చేసిపోయిన బ్రాహ్మణులు పిండి మరచిన వస్త్రములని తలారులు భ్రమపడి తీయబోవుదురు. బాతులు లేచి పరుగిడును. వరిచేల కాపున్న పడుచులు నవ్వుదురు. మానససరస్సు హంస అయినచో ఈ భ్రాంతి కుదురదు. వరిమడి, కాలువ, వేకువ, స్నానము, కావలి – ఊరంతయు ఆ బాతుల వలన తెలియుచున్నది.

హంసను గ్రహించుటయే దోషమని మా భావము కాదు. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నమున శుచిముఖి యను హంసి దూత్యము నెరపును. ఆ కథకు మూలము హరివంశము. వజ్రనాభుని పురమున అతని యనుమతి లేక గాలియైనను చొరరాదు. అట్టి కోటలో ప్రవేశింపగలది ఏది? అంతఃపురపు కొలనులలో సహజముగా విహరింపదగినది, ఆకాశమార్గమున రాదగినది హంసయే. మూలమునుండి వచ్చిన ఈ హంసికి సూరన మాటనేర్పును, చాతుర్యమును విస్తారముగా సమకూర్చెను. కాని దాని ప్రవేశమునకు ఆధారము కొలనే. ప్రబంధములలో అలంకారముగా నిలిచియుండు పక్షి ఇచ్చట కథను నడుపుచున్నది. కారణము దానికి ఆ పురమున ఉనికిపట్టుండుటయే.

పండితకావ్యములనుండి జానపదుల నోటికి వచ్చినను ఈ ధర్మము మారదు. తెనాలి రామలింగని పేర వ్యాపించిన కథలు ఒక విధముగా నాలుగైదు శతాబ్దుల అనుసృజనమే. పాండురంగమాహాత్మ్యమును రచించిన కవిని లోకము తన అభిమానపాత్రగా గ్రహించి, అతనిచుట్టు కథలను పెంచుచు వచ్చినది. అందు ప్రసిద్ధమైనది పిల్లి కథ. ఎలుకల బాధకు రాజు ఇంటింటికి పిల్లిని, దానికి పాలకై ఆవును ఇచ్చుట. రామలింగడు కాగిన పాలు పెట్టి, పాలన్నచో పిల్లి పారిపోవునట్లు చేయుట అందరెఱిగినదే. గుర్రము కథయు అట్లే. రాజు కొనిన గుర్రములను సాకుటకై ఇచ్చుట విజయనగరమునకు సహజము. ఏటేట 13,000 ఓర్ముజు గుర్రములను రాయలు కొనుచుండెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసియున్నాడు. జానపదుడు నూనిజును చదువలేదు; అయినను అతని కథలో గుర్రము సరియైన లాయముననే యున్నది.

ఈ విచారమంతయు కేవలము వర్ణనానైపుణ్యమునకు సంబంధించినదని తలచువారికి మేము చూపదలచిన లక్ష్యము గుఱ్ఱం జాషువ గబ్బిలము. వినుకొండలో 1895లో జన్మించిన ఈ కవి 1941లో ఈ కావ్యమును వెలువరించెను. కాళిదాసుని మేఘసందేశమును దృష్టియందుంచుకొని రచించిన సందేశకావ్యమిది. యక్షుని స్థానమున అంటరానివాడని దూరముంచబడిన పేదవాడు. ప్రియురాలి స్థానమున శివుడు. మేఘుని స్థానమున గబ్బిలము.

మేఘమును మార్చక యుంచినచో నేమగును? మేఘము ఆకాశమున పోవును గాని గుడిలోనికి పోదు. హంసను గ్రహించినచో అది రాజోద్యానపు కొలనునే ఎఱుగును. పేదవాని గుడిసెకు రాదు. చిలుక పంజరమున నుండును. ఇంటిలోనికి వచ్చిన గబ్బిలమును లోకము అశుభమని తరుమును. ఆ పేదవాని గుడిసెలో మాత్రము దానిని తరుమువారు లేరు. అదే గబ్బిలమునకు దేవాలయపు చీకటిమూలయు ఇల్లే. తలక్రిందుగా వ్రేలాడు ఆ ప్రాణి శివుని చెవికి దగ్గరగా నుండగలదు. పూజారి లేని వేళ విన్నవించుమని నాయకుడు దానిని వేడుకొనును. మనిషికి మూసియున్న వాకిలి గబ్బిలమునకు తెరచియున్నది. మద్రాసు రాష్ట్రమున దేవాలయప్రవేశ శాసనము వచ్చినది 1947లో. అంతకు ఆరేండ్లు ముందు ఈ కావ్యము వెలువడినది.

ఇందు కవి నిందావాక్యములను మించి పనిచేసినది ప్రాణిశాస్త్రసత్యము. గబ్బిలము గుడిలో నివసించుట ఎవ్వరును కాదనలేని విషయము. దానినుండి పుట్టు ప్రశ్నకు ఎవ్వరును ఎదురుచెప్పలేరు. గబ్బిలమున కున్న చోటు ఈ మనిషికి ఏల లేదు? స్థలమునకు తగిన జంతువును ఎన్నుకొనుట శిల్పమునకు మాత్రమే గాక న్యాయమునకును సంబంధించినదని ఇచ్చట తెలియుచున్నది. సంప్రదాయము హంసను పూజించి గబ్బిలమును వెలివేసినది. జాషువ ఆ వెలివేతనే అర్హతగా మార్చెను.

ఇట్లనగా ఒక ఆక్షేపణ పుట్టును. లోకమున లేని ప్రాణుల గతి యేమి? శరభము, గండభేరుండము, బేతాళుడు, పరదేశకథలలోని అగ్నిని గ్రక్కు రెక్కలపాము – వీనికి ఉనికిపట్టు ఎచ్చటనుండి తేవలెను? వీనికిని ఇదే ధర్మము చెల్లునని మా సమాధానము. బేతాళుని చూడుడు. అతనికి శ్మశానము కలదు, చెట్టు కలదు, శవము కలదు. రాజు మౌనము వీడినంతనే మరల ఆ చెట్టునకే చేరును. మూలమున ఇరువదియైదు కథలే. 1947లో ప్రారంభమైన చందమామ పత్రికలో ఆ బేతాళుడు వందలకొలది క్రొత్త కథలు చెప్పెను. ఆ పత్రికను నెలకొల్పినవారిలో చక్రపాణియు, 1952 మొదలు 1980 వరకు దాని సంపాదకత్వమును నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావును తెనాలివారే. కథలు మారినవి, చెట్టు మారలేదు. చెట్టున్నంత కాలము బేతాళునియందు పాఠకునికి సందేహము కలుగదు. అద్భుతప్రాణికి ఇల్లు మరింత అవసరము. లోకమున లేని దానిని కథలోని చోటే నిలుపవలెను గదా.

ఇక మన నేలకు వత్తము. తెనాలి మండలమున, గుంటూరు–తెనాలి రైలుమార్గముమీద నున్న సంగం జాగర్లమూడి నొక మాదిరిగా గ్రహింతము. కృష్ణ పశ్చిమడెల్టా మాగాణులు, కాలువగట్లు, తాటిచెట్లు ఇచ్చటి దృశ్యము. తాటిమట్టలకు గిజిగాని గూళ్ళు వ్రేలాడును. దున్నిన మడిలో తెల్లకొంగలు నాగలి వెనుకను, నేడు ట్రాక్టరు వెనుకను నడచును. కాలువమీది తీగపై లకుముకిపిట్ట కూర్చుండును. ధాన్యపుకొట్టులో పందికొక్కు త్రవ్వును. ఈ తెలుగుపేరే ‘బాండికూట్’ అయి ఇంగ్లీషు నిఘంటువున కెక్కినది. దానిని వెంటనంటి జెర్రిపోతు వచ్చును. పామును వెంటనంటి ముంగిస వచ్చును. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. రేపల్లె దిక్కున కృష్ణ సముద్రమున గలియుచోట మడ అడవులలో చేపలను పట్టి తిను నీటిపిల్లి తిరుగును. మన ప్రబంధములలో సింహమునకు దొరకిన పద్యములలో నూరవవంతైనను ఈ నీటిపిల్లికి దొరకలేదు. అయినను ఈ తీరమున సింహము లేదు, నీటిపిల్లి కలదు.

అయితే దేశమునకు తోడు కాలమును చూడవలెను. విజయవాడకడ కృష్ణానదిపై ఆనకట్ట 1855లో పూర్తియైనది. 1957లో ప్రకాశం బ్యారేజీ దాని స్థానమును గైకొన్నది. పదునారవ శతాబ్దిలోని తెనాలి రామలింగనిపై నేడు కథ వ్రాయువాడు, అతనిని ఆనకట్ట కాలువగట్టున నడిపించి కొంగలను లెక్కింపజేసినచో, కొంగ సరియైనదే యైనను కాలువ తప్పగును. శ్రీవిల్లిపుత్తూరు బాతులను అనుకరింప దలచినవాడు ముందుగా ఆ కాలమున అచ్చట నీరెట్లు పారెనో తెలిసికొనవలెను.

ఇట్టి ఊరి విద్యార్థి గజేంద్రకథను గ్రహించి క్రొత్త కథ వ్రాయదలచెననుకొందము. అతనికి మంచుతోడేలు అక్కరలేదు. పోతన పద్యముననే అతనికొక ద్వారము కలదు. ఏనుగులకు వెఱచి దున్నలు మడువులలో బడినవి గదా, మొసలియు నీటిదే. ఏనుగుకు పూర్వము ఆ మొసలిని ఎఱిగినవి ఆ దున్నలు. అవి ఏమి చూచినవి? ఏల చెప్పలేదు? చెరువులో గేదెలు మునిగియుండుటను, వాని వీపులపై కొంగలు వ్రాలుటను నిత్యము చూచు పల్లెటూరి బిడ్డడు ఈ ప్రశ్నలకు జవాబు వ్రాయగలడు. అది మూలమునకు విరోధము కాదు. మూలము తెరచియుంచిన చోటనే ప్రవేశించుట.

కావున అనుసర్తకు మూడు ప్రశ్నలు చాలును. ఈ జంతువు రాత్రి ఎచ్చట పడుకొనును? ఈ ఋతువున, ఈ కాలమున ఇచ్చట నుండునా? దీనిని తీసివేసినచో కథలో ఏది లోపించును? వీనికి జవాబు చెప్పగల జంతువు హంసయైనను గబ్బిలమైనను బేతాళుడైనను తగినదే. చెప్పలేనిది మన పెరటి కొంగయైనను పట్టికలోని పేరు మాత్రమే. నేడు పిల్లలు పరదేశపు తోడేలు జాతులను పేరుపేరున చెప్పుచు, తమ కాలువమీది పిట్టను ‘ఏదో పిట్ట’ యనుచున్నారు. పేరెఱుగని దానికి కథలో ఇల్లు కట్టుట అసాధ్యము. పూర్వుల కథలలో ప్రవేశింపగోరు యువరచయితలు ముందుగా తమ ఊరి చెరువుగట్టున కొంతసేపు నిలువవలెనని మా విజ్ఞప్తి.